దాగుడుమూతల లెక్క

వికారాబాదు, తాండూరుల నడుమ, అడవి అంచున, కోట్‌పల్లి జలాశయం ఉన్నది. ఆదివారంనాడు పట్నం జనం చిన్న చిన్న పడవలు నడుపుకొనటానికి అక్కడికి వస్తారు. ఒక ఆదివారం సాయంత్రం కట్టమీద కూర్చున్న నలుగురు కుర్రవాళ్ళు నీళ్ళవైపు చూడనే లేదు. నాలుగు ఫోన్లలో తలలు దూర్చి తుపాకుల ఆట ఆడుకొంటున్నారు. ఉన్నట్లుండి పెద్దవాడు చిన్నవాడిమీద విరుచుకుపడ్డాడు.

“గా రాడార్ ఎందుకేసినవ్ తమ్మీ? మనం యాడున్నమో వాళ్లకు ఎరుకైపాయె!”

“ఎయ్యకుంటె వాళ్లు యాడున్నరో మనకెట్ల ఎరుకైతది అన్నా?”

ఈ రెండు మాటలూ విని నాకు నవ్వు వచ్చింది. నౌకాదళాలూ, వైమానికదళాలూ ఎనభై యేళ్ళకు పైగా పడుతున్న తంటా అంతా ఈ రెండు మాటలలోనే ఉన్నది. వెదకకపోతే శత్రువు కనబడడు. వెదికితే మనమే కనబడతాము. దీనికి కారణం తెలివితక్కువతనం కాదు, దురదృష్టమూ కాదు. ఒక చిన్న లెక్క. ఎనిమిదో తరగతి పిల్లవాడు చేయగలిగినంత లెక్క.

ఈ ఆటలు చూడనివారికోసం రెండు ముక్కలు చెబుతాను. ఆటలో రెండు జట్లు ఉంటాయి. చాటుమాటుగా పోయి శత్రువు జాడ తెలిసికొనే వేగులవాడు ఒకడుంటాడు. తెరపై ఒక మూల చిన్న పటం ఉంటుంది. శత్రువు తుపాకి పేల్చినా, పరుగెత్తినా, మన రాడార్ అతన్ని పట్టుకొన్నా ఆ పటంమీద గుర్తు పడుతుంది. తుపాకికి సైలెన్సరు బిగించుకొంటే ఆ గుర్తు అంత సులభంగా పడదు. వేగులవాడికి బలం ఎక్కువ ఇస్తే ఎవడూ బయటికి రాడు, అందరూ మూలల్లో నక్కుతారు. రాడార్‌కు బలం ఎక్కువ ఇస్తే నక్కటమే దండుగ, ఆట కాస్తా తోపులాట అయిపోతుంది. అందుచేత ఆట తయారుచేసేవారు ఈ త్రాసును మాటిమాటికీ సరిచేస్తూనే ఉంటారు. ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ అనే ఆటనే చూడండి. 2010లో వచ్చిన భాగంలో, ఆకాశంనుంచి వెదికే విమానానికి కనబడకుండా చేసే ‘గోస్ట్’ అనే సౌకర్యం పెట్టారు. అది ఉన్నవాడు కదలక మెదలక ఒక మూల కూర్చోవచ్చు. 2012లో వచ్చిన భాగంలో దానికి ఒక మెలిక పెట్టారు. ఆటగాడు కదులుతున్నంతసేపే, లేదా మరేదైనా పనిలో ఉన్నంతసేపే అది పనిచేస్తుంది. ఊరికే కూర్చుంటే పనిచేయదు. దాగటానికి ఖరీదు కట్టారన్నమాట.

ఆటలో ఖరీదు కట్టేవాడు మనిషి. ప్రకృతిలో ఆ ఖరీదు ఎవరు కడతారు?

దీనికి రాడార్‌దాకా పోనక్కరలేదు. తాండూరు ప్రాంతపు కందిచేనులో రాత్రిపూట కాపలా ఉన్న రైతును తలచుకొనండి. మంచెమీద కూర్చుని అడవిపందుల కోసం టార్చిలైటు వేస్తాడు. అతనికి ఏభై అడుగుల దూరంలో ఉన్నది కనబడుతుంది, మహా అయితే వంద అడుగులు. ఆ పైన అంతా చీకటి. కాని ఆ టార్చిలైటు ఎంతదూరానికి కనబడుతుంది? నాలుగు చేల అవతల ఉన్నవాడికి కూడా “అడుగో, ఫలానావాడు కాపలా ఉన్నాడు” అని తెలుస్తుంది. పందికీ తెలుస్తుంది. చూసేవాడికంటె ముందే, చూడబడవలసినది చూస్తుంది.

ఎందువల్ల? టార్చి వెలుగు ముందుకు పోయినకొద్దీ పరచుకొంటుంది. దూరం రెండింతలైతే అదే వెలుగు నాలుగింతల మేర పరచుకొనవలె. కనుక ఒక్కొక్క జానెడు చోటుకు నాలుగోవంతే దక్కుతుంది. దూరం మూడింతలైతే తొమ్మిదోవంతు. దీనిని దూరపు వర్గానికి విలోమంగా తగ్గటం అంటారు. అవతలివాడు మన టార్చిని చూడటానికి వెలుగు ఒక్కసారి ప్రయాణం చేస్తే చాలు. మనం పందిని చూడటానికో? వెలుగు పందిదాకా పోవలె, దాని ఒంటిమీదినుంచి చెదరి మళ్ళీ మన కంటిదాకా రావలె. పోయేటప్పుడు ఒకమారు వర్గవిలోమం, వచ్చేటప్పుడు మరొకమారు. రెండూ కలిస్తే చతుర్ఘాతం. దూరం రెండింతలైతే తిరిగివచ్చే వెలుగు నాలుగోవంతు కాదు, పదహారోవంతు. పదింతలైతే పదివేలలో ఒకవంతు. టార్చి అందే దూరాన్ని రెండింతలు చేయాలంటే పదహారు రెట్లు శక్తిగల టార్చి తెచ్చుకోవలె. అది తెచ్చుకొన్న మరుక్షణం మనల్ని చూడగల దూరం నాలుగింతలవుతుంది. వెదికేవాడు శక్తి పెంచినకొద్దీ నష్టపోయే బేరం ఇది.

రాడార్ చేసేది కూడా ఈ టార్చి పనే. వెలుగుకు బదులు రేడియో తరంగాలు, కంటికి బదులు ఆంటెనా. 1935 ఫిబ్రవరి 26న ఇంగ్లండులో, డావెంట్రీ దగ్గర, వాట్సన్ వాట్ విమానంనుంచి రేడియో ప్రతిధ్వని వస్తుందని చూపించాడు. తరువాత నాలుగేళ్ళకు యుద్ధం వచ్చింది. ఆ యుద్ధంలోనే ఈ లెక్క మనుషుల ప్రాణాలమీదికి వచ్చింది.

జర్మన్ జలాంతర్గాములు ఆ రోజులలో ఎక్కువసేపు నీళ్ళ అడుగున ఉండలేకపోయేవి. బ్యాటరీలు నింపుకొనటానికి రాత్రిపూట పైకి తేలేవి. ఆ సమయంలో వాటిని పట్టటానికి బ్రిటిష్ విమానాలకు సుమారు మీటరున్నర పైచిలుకు తరంగదైర్ఘ్యంగల రాడార్ అమర్చారు. 1942లో జర్మన్లు మెటాక్స్ అనే రేడియో గ్రాహకం తెచ్చారు. అది ఏమీ ప్రసారం చేయదు, ఊరికే వింటుంది. విమానపు రాడార్ తమను చూడకముందే వారికి దాని కూత వినబడింది. వెంటనే నీళ్ళలో మునిగారు. లెక్క ప్రకారం విన్నవాడిదే పైచేయి అయింది. 1943లో బ్రిటిష్‌వారు పది సెంటీమీటర్ల తరంగాలకు మారారు. మెటాక్స్‌కు ఆ తరంగాలు వినబడవు. వినేవాడు ఒక భాషకే చెవి ఒగ్గి ఉండగా ఇవతలివాడు భాష మార్చాడన్నమాట. ఆ యేడాది జలాంతర్గాములకు గడ్డుకాలం.

ఇంకొక ఉపాయం కూడా ఆ కాలంలోనే పుట్టింది. నాకు అన్నిటికంటె ముచ్చటైనది అదే. విమానం దగ్గరికి వస్తున్నకొద్దీ తన రాడార్ శక్తిని తానే తగ్గించుకొంటుంది. కలంతో లెక్కవేసి చూడండి. దూరం సగమైనప్పుడల్లా శక్తిని ఎనిమిదోవంతుకు దించామనుకొందాం. వినేవాడికి చేరేది వర్గం ప్రకారం నాలుగింతలు పెరగవలసింది. ఎనిమిదోవంతు శక్తిలో నాలుగింతలు అంటే సగం. అంటే దగ్గరికి వస్తున్నకొద్దీ కూత తగ్గుతున్నట్లు వినబడుతుంది, విమానం దూరంగా పోతున్నదని అతను నిశ్చింతగా ఉంటాడు. మనకు వచ్చే ప్రతిధ్వని చతుర్ఘాతం ప్రకారం పదహారింతలు పెరగవలసింది. ఎనిమిదోవంతులో పదహారింతలు అంటే రెండింతలు. మన చూపు బాగుపడుతూనే ఉన్నది, అవతలివాడి చెవికి మాత్రం మనం పారిపోతున్నాము! ఒకే దూరం, ఒకే శక్తి. వర్గానికీ చతుర్ఘాతానికీ నడుమనున్న సందులో ఈ మోసం దూరింది.

మనుషులు ఇది కనిపెట్టటానికి ఎంతో ముందే గబ్బిలాలు ఈ ఆట మొదలుపెట్టాయి. పురుగులు తినే గబ్బిలాలు మన చెవికి అందని కూతలు వేసి, వాటి ప్రతిధ్వనిని బట్టి చీకట్లో వేటాడతాయని 1938 ప్రాంతంలో అమెరికాలో డొనాల్డ్ గ్రిఫిన్ తేల్చాడు. ఆ తరువాత కెనెత్ రోడర్ అనే మరొక శాస్త్రజ్ఞుడు దీపాల చుట్టూ మూగే రెక్కలపురుగుల చెవిని పరీక్షించాడు. వీటిలో ఒక జాతి పురుగుకు ఒక్కొక్క చెవిలో వినికిడి కణాలు రెండే రెండు. ఒకటి మెల్లని కూతకే స్పందిస్తుంది, రెండవది గట్టి కూతకు మాత్రమే. పురుగు గబ్బిలాన్ని సుమారు 30 మీటర్ల దూరంనుంచి వింటుంది. గబ్బిలానికి పురుగు కనబడేది కొద్ది మీటర్లలోనే. మెల్లగా వినబడితే పురుగు పక్కకు తిరిగి వెళ్ళిపోతుంది. గట్టిగా వినబడితే ఇక సమయం లేదన్నమాట. గిరికీలు కొట్టి నేలమీదికి పడిపోతుంది. రెండు కణాలతో అంత రాజకీయం! దీనికి విరుగుడుగా ఐరోపాలో బార్బస్టెల్ అనే గబ్బిలం తోటివాటికంటె పదిరెట్లనుంచి వందరెట్ల వరకు మెల్లగా కూస్తుంది. దూరపు చూపు పోగొట్టుకొంటుంది కాని పురుగుకు వినబడకుండా దాని దగ్గరికి చేరుతుంది. ఆటలో వేగులవాడికి ఇచ్చే బేరం కూడా సరిగ్గా ఇదే.

ఇక దాగేవాడి వైపునుంచి చూద్దాం. రాడార్‌కు వస్తువు ఎంతగా కనబడుతుందన్నది దాని అసలు పరిమాణంమీద కంటె, అది తరంగాలను ఎటు తిప్పికొడుతుందన్నదానిమీద ఆధారపడుతుంది. అద్దాన్ని కొంచెం వంచి పట్టుకొంటే మన టార్చి వెలుగు మనవైపు రాక మరొకవైపు పోతుంది గదా! పలకలు పలకలుగా, ఏటవాలుగా విమానాన్ని చెక్కితే రాడార్ తరంగాలు అలాగే దారితప్పిపోతాయి. అంచులనుంచి తరంగాలు ఎలా చెదరుతాయో లెక్కకట్టే పద్ధతిని సోవియట్ శాస్త్రజ్ఞుడు ఉఫీంత్సెవ్ 1962లో ప్రచురించాడు. దానిని చదివి వాడుకొన్నది మాత్రం అమెరికన్లు. వారి ఎఫ్-117 విమానం 1981లో మొదటిసారి ఎగిరింది.

ఐతే చతుర్ఘాతం ఇక్కడ దాగేవాడిపట్ల కూడా పిసినారితనం చూపుతుంది. రాడార్‌కు కనపడే వైశాల్యాన్ని సగానికి తగ్గించినా, కనపడే దూరం నూటికి పదహారు వంతులు మాత్రమే తగ్గుతుంది. దూరం సగం కావాలంటే వైశాల్యం పదహారోవంతు కావలె. పదోవంతు కావాలంటే పదివేలలో ఒకవంతు. అంత శ్రమపడ్డా కనపడకుండా పోవటం ఉండదు, ఆలస్యంగా కనపడటమే ఉంటుంది. ఆట తయారుచేసేవారు కొందరు వేగులవాడిని పూర్తిగా మాయం చేస్తారు. అది కథలలోని అంజనం, శాస్త్రం కాదు.

1999 మార్చి 27 రాత్రి సెర్బియాలో ఒక ఎఫ్-117 విమానం కూలిన సంగతి చాలామందికి తెలిసినదే. కూల్చినది 1960ల నాటి సోవియట్ క్షిపణి. ఆ దళం మొదటి జాడను పొడుగాటి తరంగాలతో పనిచేసే పాత రాడార్‌తో పట్టింది. అటువంటి తరంగాల దగ్గర ఈ చెక్కుడు అంతగా పనిచేయదు. కాని అంతకంటె గమనించవలసినది మరొకటి ఉన్నది. రాడార్ కూతను పట్టుకొని దానిమీదికే వచ్చిపడే క్షిపణులు అమెరికన్ల దగ్గర ఉండేవి. అందుకని ఆ దళం గురిచూసే రాడార్‌ను కొద్ది సెకన్లు మాత్రమే వేసి ఆర్పేది, తరచు మకాం మార్చేది. దాగటం విమానానికే కాదు, రాడార్‌కూ నేర్వవలసిన విద్య అయింది. మన హైదరాబాదులో 1961నుంచి ఉన్న రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనశాల పని చాలావరకు ఇదే: శత్రువు రాడార్ కూతను వినటం, పోల్చటం, వీలైతే దాన్ని గందరగోళపరచటం.

వినటంలో కూడా ప్రమాదం లేకపోలేదు. దానికి ఉదాహరణ మన విశాఖపట్నమే. 1971 నవంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెదుక్కొంటూ బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్ అప్పటికి అండమాన్లకు చేరి, నోరు మెదపకుండా ఉన్నది. దానికి బదులు పాతకాలపు రాజపుత్ అనే నౌక విశాఖ తీరంలో భారీగా వైర్లెస్ సందేశాలు పంపుతూ, తానే విక్రాంత్ అన్నట్లు నటించింది. విన్నవాడు విన్నదాన్నే నమ్మాడు. డిసెంబరు 3-4 తేదీల నడిరాత్రి ఘాజీ విశాఖ దగ్గరే మునిగిపోయింది, దానిలోనివారిలో ఒక్కరూ బతకలేదు. రాజపుత్ వేసిన బాంబులవల్లనే మునిగిందని మనవారూ, లోపలి ప్రేలుడువల్లనో మందుపాతరవల్లనో అని వారూ అంటారు. ఏదైనా, దాన్ని అక్కడికి రప్పించినది ఒక దొంగకూత.

ఇప్పుడు తిరిగి కోట్‌పల్లి ఉన్న వికారాబాదు జిల్లాకే వద్దాం. పూడూరు మండలంలోని దామగుండం అడవిలో నౌకాదళానికి ఒక కేంద్రం కట్టటానికి 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి రాజనాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. దానిని 2027 నాటికి పూర్తిచేయాలని అప్పుడు అనుకొన్నారు. పత్రికలలోనూ, ఊళ్ళలోనూ దీనికి ‘నేవీ రాడార్’ అనే పేరు స్థిరపడిపోయింది. ఇది రాడార్ కాదు. దేనినీ వెదకదు, ఏ ప్రతిధ్వనికోసమూ ఎదురుచూడదు. సముద్రపు అడుగున దాగిన మన జలాంతర్గాములకు కబురు పంపే రేడియో ప్రసారకేంద్రం ఇది. ఇటువంటిది మనకు మొదటిది తమిళనాడులో, తిరునెల్వేలి దగ్గర, కట్టబొమ్మన్ అనే పేరుతో 1990నుంచి ఉన్నది.

సముద్రం కనుచూపుమేరలో లేని చోట నౌకాదళానికి ఏం పని అని మీరు అడగవచ్చు. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రవహింపనిస్తుంది, అందువల్ల రేడియో తరంగాలను మింగేస్తుంది. తరంగం పొట్టిదైనకొద్దీ మింగటం ఎక్కువ. రాడార్ తరంగం నీళ్ళలో కొద్ది మిల్లీమీటర్లకే చస్తుంది. షార్టువేవ్ రేడియో తరంగం కూడా ఎంతో లోతుకు పోదు. సెకనుకు 18 వేల కంపనాలుగల తరంగమైతే, దాని పొడవు సుమారు 17 కిలోమీటర్లు ఉంటుంది. దాని శక్తి సుమారు రెండు మీటర్ల లోతుకొకసారి ఏడోవంతుకు పడిపోతుంది. పది మీటర్ల లోతున పదివేలలో ఒకవంతైనా మిగలదు. ఐనా గట్టిగా అరిస్తే ఆ మిగిలినది వినటానికి చాలు. భూమికీ, పైనున్న అయనావరణానికీ నడుమ, రెండు గోడల మధ్య పోయినట్లు, ఈ తరంగాలు వేలకొద్దీ కిలోమీటర్లు పోతాయి. కనుక కేంద్రం తీరంలోనే ఉండనక్కరలేదు. ఆంటెనా సరిగా పనిచేయాలంటే తరంగంలో నాలుగోవంతు పొడవు, అంటే ఇక్కడ నాలుగు కిలోమీటర్ల ఎత్తు ఉండవలె. అది అసాధ్యం. కాబట్టి వీలైనంత ఎత్తైన స్తంభాలు నిలిపి, వాటినడుమ విశాలంగా తీగలు పరచి సరిపెట్టుకొంటారు. సుమారు 2,900 ఎకరాలు కావలసి రావటానికి అది ఒక కారణం.

ఈ ఏర్పాటులో దాగుడుమూతల లెక్క ఎలా తీరిందో చూడండి. అరిచేవాడు కొండమీద, అందరికీ తెలిసిన చోట ఉంటాడు. వినేవాడు ఎక్కడ ఉన్నాడో ఎవరికీ తెలియదు. వినేవాడు మారుమాట పలకనవసరం లేదు, పలికితే దొరుకుతాడు. విశాఖలో కట్టి 2009లో నీళ్ళలోకి దించిన అరిహంత్ వంటి అణుజలాంతర్గామికి ఇదే ప్రాణం. ఖరీదు మాత్రం ఇక్కడా ఉన్నది. ఇంత నెమ్మదిగా కంపించే తరంగంమీద సెకనుకు ఏ కొద్ది వందల బిట్లకో మించి పంపటం కష్టం. మాట్లాడటం, బొమ్మలు పంపటం కుదరదు. వినటానికి జలాంతర్గామి కొంత పైకి రావలె, లేదా పొడుగాటి తీగను పైకి వదలవలె.

మరొక ఖరీదు అడవి చెల్లించవలసినది. చెట్లు పోతాయనీ, మూసీ పుట్టిన కొండలకు చేటు అనీ, గుడికీ మేతకూ దారి మూసుకుపోతుందనీ చుట్టుపక్కలవారు ఆందోళన చేశారు. తరంగాలవల్ల రోగాలు వస్తాయన్న భయం కూడా వినబడింది. దానికి భౌతికశాస్త్రం కొంత సమాధానం చెప్పగలదు. ఈ తరంగాలకు అణువులను విడగొట్టే శక్తి లేదు; తీగలకు బాగా దగ్గరలో మాత్రం విద్యుత్ క్షేత్రం బలంగా ఉంటుంది, కంచె వేసి మనుషులను ఎడంగా ఉంచవలసినది అందుకే. చెట్ల సంగతికి భౌతికశాస్త్రంలో సమాధానం లేదు. ఆ రెండు ప్రశ్నలనూ కలగలిపి ఒకే జవాబుతో సరిపుచ్చటం, ఇటువైపువారు చేసినా అటువైపువారు చేసినా, న్యాయం కాదని నా అభిప్రాయం.

కట్టమీది కుర్రవాళ్ళ సంగతి మరిచాను. మొదటి ఆట ఓడిపోయిన తరువాత వాళ్ళు కాసేపు గుసగుసలాడుకొన్నారు. రెండో ఆటలో చిన్నవాణ్ణి ఒక్కణ్ణే పటం ఆ చివరకు పంపారు. వాడు అక్కడ రాడార్ వేసి, వెంటనే పరుగుతీశాడు. శత్రువులంతా వాడివైపు ఉరికారు. తక్కిన ముగ్గురూ ఈ చివర చీకట్లో కదలకుండా కూర్చుని, వాడి రాడార్ చూపించిన చుక్కలను చూస్తూ ఉన్నారు. వెలుగు వేసేవాడొకడు, చూసేవాడింకొకడు. ప్రసారకాన్ని ఒకచోట, గ్రాహకాన్ని మరొకచోట పెట్టే ఈ పద్ధతిమీద నేడు అనేక దేశాలలో పరిశోధన సాగుతున్నది. కందిచేల రైతులకు కూడా ఇది కొత్త కాదు. టార్చిలైటు ఇచ్చి కొడుకును గట్టు ఆ చివర నిలబెట్టి, తాను ఈ చివర మంచెమీద చీకట్లో కూర్చునే తండ్రిని అడగండి.

“అన్నా, ఈపాలి గూడ నన్నే సంపిన్రు” అని చిన్నవాడు ఫోను పక్కన పెట్టాడు.

“నువ్వు సస్తెనే మనం గెలిసినం తమ్మీ” అన్నాడు పెద్దవాడు.